పాత కారు ముందు అద్దం, చుట్టూ రబ్బరు

పాత కారు ముందు అద్దం కారు రేకును ఎక్కడా తాకదు. ఆ రెంటి నడుమ చుట్టూతా ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అద్దాన్ని పట్టుకొని ఉండేది అదే. వాన నీటిని ఆపేదీ అదే. రోడ్డు కుదుపులు అద్దం దాకా రాకుండా మింగేదీ అదే. మెకానిక్కులు దీన్ని బీడింగు అంటారు. ఇప్పటి కార్లలో ముందు అద్దాన్ని బలమైన జిగురుతో నేరుగా బాడీకి అంటిస్తారు. జిగురు ఆరాక అద్దం కారు కట్టుబడిలో భాగమైపోతుంది. పాత కార్ల పద్ధతి వేరు. అక్కడ జిగురు లేదు, మేకు లేదు, మర లేదు. రబ్బరుకు ఒక వైపు గాడిలో అద్దం కూర్చుంటుంది, రెండో వైపు గాడిలో రేకు అంచు కూర్చుంటుంది. బిగింపంతా ఆ రెండు గాడుల మీదే నిలబడి ఉంటుంది.

మన రోడ్ల మీద ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ అంబాసిడర్. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టింది. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. ఫియట్ 1100 నమూనాతో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసిన కారు 1970లలో పద్మిని పేరు పెట్టుకుంది. ఈ రెండింటి ముందు అద్దమూ ఒంపు తిరిగినదే, రబ్బరు పట్టీలో నిలిచేదే. పాత మహీంద్రా జీపుకు మాత్రం బల్లపరుపు అద్దం. దాని చట్రం మొత్తాన్ని కీళ్ల మీద ముందుకు, బానెట్ పైకి వాల్చవచ్చు. అక్కడా అద్దానికీ చట్రానికీ మధ్య రబ్బరే.

ఇలాంటి బండ్లకు ఇప్పుడు చట్టంలోనూ ఒక స్థానం ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలనూ, నాలుగు చక్రాల వాహనాలనూ వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చింది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌నూ బాడీనీ ఇంజన్‌నూ పెద్దగా మార్చి ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. 1970ల మొదట్లో రోడ్డెక్కిన అంబాసిడర్లు ఈ వయసుకు చేరుకున్నాయి. అలాంటి కారుకు రబ్బరు బిగింపు తీసేసి కొత్త పద్ధతిలో జిగురు పెట్టడం దాని అసలుతనాన్ని చెరపడమే అవుతుంది. పాత పద్ధతిని సరిగా నేర్చుకోవడమే దారి.

ఈ రబ్బరు బిగింపుకు గట్టి పరీక్ష మందమర్రి లాంటి ఊళ్లో ఎదురవుతుంది. మంచిర్యాలకూ బెల్లంపల్లికీ నడుమ ఉన్న సింగరేణి బొగ్గు పట్టణం అది. కాజీపేట నుంచి బల్హర్షా పోయే రైలు మార్గం మీద ఉంది. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ మీదుగా చంద్రాపూర్ వెళ్లే 363వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి దారినే పోతుంది. కారు రబ్బరుకు ఎన్ని రకాల పరీక్షలు ఉన్నాయో అన్నీ ఇక్కడ ఒకే ఏడాదిలో ఎదురవుతాయి. ముదురు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. గాలిలో బొగ్గు నుసి ఉంటుంది. టిప్పర్ల చక్రాల కింది నుంచి కంకర రాళ్లు లేచి వెనక వచ్చే బండి అద్దానికి తగులుతాయి. మృగశిర కార్తె వచ్చాక వానలు పట్టుకుంటాయి. వేసవిలో ఎండిన రబ్బరు లోపం ఆ మొదటి వానకు బయటపడుతుంది.

రబ్బరు ఎందుకు చెడుతుందో తెలిస్తే దాన్ని ఎంచుకోవడం తేలిక. పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగటగా మారకుండా, చలికి పెళుసెక్కకుండా గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో అమెరికాలో కనుక్కున్నాడు. టైర్లూ బీడింగులూ అన్నీ ఆ ప్రక్రియ నుంచి వచ్చినవే. అయితే సహజ రబ్బరు అణువుల గొలుసులో కొన్ని బలహీనమైన బంధాలు మిగిలే ఉంటాయి. గాలిలోని ఓజోన్ సరిగ్గా వాటినే తెంపుతుంది. సాగి ఉన్న చోట ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే పాత బీడింగు మీద పగుళ్లు ముందుగా నాలుగు మూలల్లో కనిపిస్తాయి. అద్దం చుట్టూ మలుపు తిరిగేటప్పుడు రబ్బరు ఎక్కువగా సాగేది అక్కడే.

ఇప్పుడు మంచి బీడింగులు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో వస్తున్నాయి. దీని ప్రధాన గొలుసులో ఓజోన్ తెంపగల బంధాలు లేవు. ఎండనూ వాననూ ఇది సహజ రబ్బరు కన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. బీడింగు నల్లగా ఉండటానికీ కారణం ఉంది. అందులో కలిపే కార్బన్ బ్లాక్, అంటే సన్నని మసి, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను తానే పీల్చుకొని రబ్బరును కాపాడుతుంది. మసి రబ్బరు లోపల ఉన్నంతవరకు రక్షణ. బొగ్గు నుసి రబ్బరుకూ అద్దానికీ మధ్య సందులో చేరితే మాత్రం చేటు. తడిసిన నుసి గాడిలో ముద్దగా కూరుకుపోయి తేమను పట్టి ఉంచుతుంది. రేకు అంచు తుప్పు పట్టడం అక్కడ మొదలవుతుంది.

రబ్బరు చేసే ఇంకో పని కంటికి కనిపించదు. వేడికి ఉక్కు, అద్దం ఒకే కొలతన వ్యాకోచించవు. ఒక మీటరు పొడవున్న ఉక్కు ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో దాదాపు వెయ్యికి 12 వంతులు పెరిగితే, అంతే పొడవున్న అద్దం 9 వంతులు పెరుగుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గర ఉన్న కారు, మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడి 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుంటే, ఆ 50 డిగ్రీల తేడాకు మీటరు ఉక్కు 0.6 మిల్లీమీటర్లు, మీటరు అద్దం 0.45 మిల్లీమీటర్లు పెరుగుతాయి. తేడా 0.15 మిల్లీమీటర్లు. చూడటానికి వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ అద్దం రేకుకు నేరుగా బిగిసి ఉంటే, దాని అంచు మీద పడే ఒత్తిడికి ఆ కాస్త తేడానే చాలు. మధ్యలో మెత్తని రబ్బరు ఉంది కాబట్టి ఆ కదలిక దానిలోనే ఇంకిపోతుంది. ముదిరి గట్టిపడిన రబ్బరు ఆ పని చేయలేదు. రాయి తగలకుండానే మూల నుంచి అద్దం పగులు తీసిందంటే కారణాన్ని ముందుగా అక్కడ వెతకాలి.

ఇక అద్దం సంగతి. తొలినాటి కార్లకు మామూలు పలక అద్దాలు ఉండేవి. ప్రమాదం జరిగితే కత్తుల్లాంటి పెంకులు మనుషుల మీద పడేవి. ఫ్రాన్సుకు చెందిన ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1903లో తన ప్రయోగశాలలో కింద పడిన ఒక గాజు పాత్ర పగిలినా విడిపోకుండా ఉండటం గమనించాడు. అందులో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కలను పట్టి ఉంచింది. దాని ఆధారంగా ఆయన 1909లో రెండు అద్దాల నడుమ పొర ఉండే అద్దానికి పేటెంటు పొందాడు. లామినేటెడ్ అద్దానికి పునాది అదే. ఇప్పుడు ఆ నడిమి పొరగా పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పారదర్శక ప్లాస్టిక్‌ను వాడతారు. సాధారణంగా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న అద్దాలు రెండు, మధ్యలో 0.76 మిల్లీమీటర్ల పొర ఉంటాయి.

రెండో రకం టఫెన్డ్ అద్దం. మామూలు అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారిస్తే పైపొర బిగుసుకొని గట్టిపడుతుంది. ఇది పగిలితే పెంకులు కాక చిన్న చిన్న గుళికలుగా రాలుతుంది. పక్క తలుపులకూ వెనక అద్దానికీ ఇది సరిపోతుంది. ముందు అద్దానికి మాత్రం ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. టిప్పరు నుంచి లేచిన రాయి తగిలిన క్షణంలో అద్దమంతా ఒకేసారి పగుళ్ల వలగా మారిపోతుంది. నడిపే మనిషికి ఎదురుగా రోడ్డు కనిపించదు. లామినేటెడ్ అద్దానికి అదే రాయి తగిలితే ఒకచోట నక్షత్రంలా పగులుతుంది, మిగతా అద్దంలోంచి రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన కింద 1990ల నడుమ నుంచి కొత్త వాహనాలకు ముందు అద్దం లామినేటెడ్‌దే ఉండాలన్నారు. అంతకుముందు తయారైన కారుకు టఫెన్డ్ అద్దం ఉండవచ్చు. మార్చే అవకాశం వచ్చినప్పుడు లామినేటెడ్ అద్దమే వేయించుకోవాలి. అదే నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి రావాలి. అద్దాల మీద నల్ల ఫిల్ములు అంటించరాదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కొత్త అద్దం కొనేటప్పుడు దాని మూలన భద్రతా అద్దాల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2553 గుర్తు ఉందో లేదో చూడాలి. ఫిట్‌నెస్ పరీక్షలో అధికారులు చూసే వాటిలో అద్దం, వైపరు కూడా ఉంటాయి.

జీపు అద్దం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి లామినేటెడ్ పలకను ఊళ్లో అద్దాల దుకాణంలోనే కొలతకు కోయించవచ్చు. రెండు వైపులా ఒకే గీత మీద వజ్రపు కలంతో గీసి, విరిచి, నడిమి పొరను వేడితో మెత్తబరిచి బ్లేడుతో కోస్తారు. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం అసాధ్యం. కోయబోతే మొత్తం రాలిపోతుంది. అంబాసిడర్, పద్మిని అద్దాలు ఒంపు తిరిగినవి కాబట్టి ఆయా కారు అచ్చుకు తగ్గట్టు ఒంచినవే తేవాలి.

పని మొదలుపెట్టే ముందు రబ్బరు నిజంగా మార్చాల్సిందేనా అని చూడాలి. గోరుతో నొక్కితే రబ్బరు లోపలికి దిగి, గోరు తీయగానే మళ్లీ పైకి లేవాలి. గోరు దిగకపోతే ముదిరినట్టు. మూలల్లో రబ్బరు వెనక్కి లాక్కుపోయి సందు కనిపించినా, వేగం పెరిగితే గాలి ఈల వేసినా, వాన తర్వాత కాళ్ల కింది మ్యాటు తడిసినా దాని పని అయిపోయినట్టే. మ్యాటు తడికి మూలం వేరే చోట కూడా ఉండవచ్చు. వైపరు కడ్డీ బాడీలోంచి బయటికి వచ్చే చోట ఉండే చిన్న రబ్బరు వాషరు, డ్యాష్‌బోర్డు ముందు గాలి కోసం పెట్టిన మూత కూడా నీళ్లు కార్చగలవు. ఆ రెండూ చూసిన తర్వాతే అద్దం జోలికి పోవాలి.

పాత అద్దం తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. చేతులకు తోలు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ముందుగా వైపరు చేతులు, లోపలి చిన్న అద్దం, బీడింగు మీద మెరిసే లోహపు పట్టీ ఉంటే అదీ తీసేయాలి. ఆ పట్టీ ఏ గాడిలో, ఏ వరసలో కూర్చుందో విప్పేటప్పుడే రాసుకోవాలి, ఫొటో తీసుకోవాలి. కొన్ని కార్లలో ఆ పట్టీని అద్దం బాడీలోకి ఎక్కకముందే రబ్బరులో పెట్టాలి, కొన్నింటిలో తర్వాత పెట్టాలి. పాత రబ్బరును ఎలాగూ పారేస్తారు. కాబట్టి బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేస్తే అద్దం చేతిలోకి వస్తుంది. స్క్రూ డ్రైవరు దూర్చి అద్దాన్ని ఎత్తకూడదు. అద్దం నడుమ ఎంత గట్టిదో అంచున అంత నాజూకుది. అక్కడ పడిన చిన్న పెచ్చు తర్వాత నిలువు పగులుగా మారుతుంది.

అద్దం బయటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. అది అద్దం పని కాదు, అంచు పని. కిటికీ తెరిపి చుట్టూ రేకు లోపలికి మడిచి చేసిన అంచు ఒకటి ఉంటుంది. రబ్బరు రెండో గాడి కూర్చునేది దాని మీదే. ఈ అంచు నిటారుగా, నునుపుగా, తుప్పు లేకుండా ఉంటే ఎంత మామూలు రబ్బరైనా నీళ్లు ఆపుతుంది. అంచు తుప్పుతో గుంటలు పడి ఉంటే ఎంత ఖరీదైన రబ్బరైనా కారుతుంది. కింది రెండు మూలల్లోనే తుప్పు ఎక్కువ. పై నుంచి జారిన నీళ్లు నిలిచేదీ, నుసి ముద్దకట్టేదీ అక్కడే.

పాత సీలెంటునూ మట్టినీ చెక్క పలకతో గీకి, మిగిలింది టర్పెంటైన్‌తో తుడవాలి. తుప్పును వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా రుద్దాలి. చిల్లులు పడితే డెంటర్ దగ్గర కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేయించాలి. చిల్లు మీద లప్పం పూసి సరిపెట్టకూడదు. లప్పం తేమను ఆపదు, రెండు వానలకు ఊడుతుంది, అంచు మందం పెరిగి రబ్బరు సరిగా కూర్చోదు. వంకర పోయిన చోట్ల సుత్తెతో మెల్లగా సరిచేయాలి. ఆపైన జింకు ప్రైమరు, దాని మీద పెయింటు. పెయింటు పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు ఆగాలి. పచ్చి పెయింటు మీద రబ్బరు కూర్చుంటే అది అతుక్కొని పెయింటును ఊడబెరుకుతుంది.

తర్వాత కొత్త అద్దాన్ని రబ్బరు లేకుండా తెరిపి ముందు పట్టుకొని చూడాలి. చుట్టూ ఖాళీ అన్ని వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ ఉంటే అద్దం తేడా అయినా కావచ్చు, ప్రమాదంలో బాడీ వంకర పోయి అయినా ఉండవచ్చు. ఏదైనా ఇక్కడే తేల్చుకోవాలి. బలవంతంగా ఎక్కించిన అద్దం ఆ రోజు కాకపోయినా ఎండ పెరిగిన రోజున పగులుతుంది.

రబ్బరు రెండు రకాలుగా దొరుకుతుంది. ఆ కారు అద్దానికి తగ్గట్టు మూలలు అచ్చులో పోసి, అతుకు లేకుండా చుట్టగా వచ్చేది మేలు. మీటర్ల లెక్కన అమ్మే పట్టీ రెండోది. దాన్ని కోసేటప్పుడు కొలత కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచాలి. రబ్బరును లాగి సాగదీస్తూ అద్దానికి చుట్టి సరిగ్గా కోస్తే, కొన్నాళ్లకు అది కుంచించుకుపోయి అతుకు విడిపోతుంది. ఎక్కువ ఉంచిన రబ్బరు ఒత్తుకొని కూర్చుంటుంది. కోత నిట్టనిలువుగా ఉండాలి, రెండు కొసలూ ఫెవిక్విక్ రకం జిగురుతో అతకాలి. అతుకు ఎప్పుడూ మూలలో పడకూడదు, కింది వైపు నడిమికి రావాలి.

ఈ పనికి వేసవి ఉదయం మంచి సమయం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ రబ్బరుకు చెడ్డదే అయినా బిగించే పనికి తోడవుతుంది. కొత్త బీడింగును అరగంట ఎండలో పరిస్తే అది మెత్తబడి మలుపులకు ఒదుగుతుంది. చలికాలంలోనైతే గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. బిగింపు మాత్రం నీడలో జరగాలి. కాలిపోతున్న అద్దాన్ని ఎండలో మోయడం, దాని మీద చల్లటి నీళ్లు పోయడం రెండూ ప్రమాదమే.

అద్దాన్ని మెత్తటి దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టి, ముందు రబ్బరును దానికి తొడగాలి. ముందుగా నాలుగు మూలలు, తర్వాత మధ్య భాగాలు. రబ్బరులో ఏ పెదవి బయటికి, ఏది లోపలికి అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తిరగేసి తొడిగితే పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పుడు తాడు. నాలుగైదు మిల్లీమీటర్ల మందమున్న నున్నని నైలాన్ తాడును, రేకు అంచు కూర్చోవాల్సిన గాడిలో చుట్టూ నొక్కి పెట్టాలి. తాడు అద్దం చుట్టుకొలత కన్నా అర మీటరు ఎక్కువ ఉండాలి. రెండు కొసలూ కింది నడిమిలో కొంత దూరం ఒకదాని మీద ఒకటి దాటి, కారు లోపలి వైపు వేలాడాలి.

రబ్బరు గాడికీ రేకు అంచుకూ సబ్బు నీళ్లు రాయాలి. గిన్నెలు కడిగే సబ్బు నురుగైనా సరే, సర్ఫు నీళ్లయినా సరే. గ్రీజు, ఇంజన్ ఆయిలు, కిరోసిన్ ఎప్పుడూ రాయకూడదు. పెట్రోలియం నూనెలను ఈపీడీఎం రబ్బరు పీల్చుకొని ఉబ్బి మెత్తబడిపోతుంది. సబ్బు నీళ్లు పని అయ్యాక ఆరిపోతాయి, రబ్బరు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

ఇద్దరు కలిసి అద్దాన్ని బయటి నుంచి తెరిపికి ఆనించి, సరిగ్గా నడిమికి జరుపుతారు. ఒకరు లోపలికి వెళ్లి కూర్చుంటారు. బయటి మనిషి అరచేతులతో కింది నడిమిలో నొక్కుతుంటే, లోపలి మనిషి తాడు ఒక కొసను అద్దం నడిమి వైపు మెల్లగా లాగాలి. తాడు గాడిలోంచి బయటికి వస్తూ లోపలి పెదవిని రేకు అంచు మీదికి ఎత్తి దాటిస్తుంది. ఈ పద్ధతి కీలకమంతా ఈ ఒక్క కదలికలో ఉంది. తాడు ఎక్కడ లాగుతున్నారో సరిగ్గా అక్కడే బయటి చెయ్యి కూడా నొక్కాలి. కింది భాగం ముందు, తర్వాత రెండు మూలలు, ఆపైన పక్కలు, చివరికి పైభాగం. మధ్యమధ్యలో అరచేత్తో బయటి నుంచి తట్టితే అద్దం సర్దుకుంటుంది.

ఏదైనా చోట పెదవి లేవకపోతే బలం ఉపయోగించకూడదు. తాడు ఆపి, ఇంకాస్త సబ్బు నీళ్లు రాసి, నున్నని ప్లాస్టిక్ పలకతో పెదవిని ఎత్తాలి. ఒంపు అద్దాలు ఎక్కువగా పగిలేది మూలల్లో, అదీ ఈ ఘడియలోనే. ఒక మూల తేలితే దాన్ని నొక్కి కూర్చోబెట్టాలనిపిస్తుంది. అప్పుడు వెనక్కి వచ్చి మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టడమే తక్కువ ఖర్చు.

కొన్ని రకాల రబ్బరుకు బయటి వైపు ఇంకో సన్నని గాడి ఉంటుంది. అందులో దూర్చే పట్టీ రబ్బరు పెదవులను రెండు వైపులకూ విప్పి, ఒకటి అద్దాన్నీ ఇంకొకటి రేకునూ గట్టిగా పట్టేలా చేస్తుంది. ఇది లేకుంటే ఆ రకం బీడింగు వదులుగానే ఉంటుంది. చివర తీగ వలయం ఉన్న చిన్న పనిముట్టుతో గాడిని తెరుస్తూ, సబ్బు నీళ్లతో పట్టీని దూరుస్తూ పోవాలి. దీని అతుకు రబ్బరు అతుకు ఉన్న చోట పడకుండా చూసుకోవాలి.

అద్దం కూర్చున్న తర్వాత సీలెంటు. రబ్బరు బయటి పెదవిని మెల్లగా ఎత్తి, రబ్బరుకూ రేకుకూ మధ్య, రబ్బరుకూ అద్దానికీ మధ్య, గట్టిపడని బ్యూటైల్ రకం సీలెంటును సన్నగా పెట్టాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే సిలికాన్‌లో పుల్లటి వాసన వచ్చే రకం ఇక్కడ పనికిరాదు. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదలై ఉక్కును తుప్పు పట్టిస్తుంది. పైగా మరోసారి విప్పాల్సి వస్తే ఊడిరాదు. అంచు బాగుండి రబ్బరు సరైనదైతే సీలెంటు కొంచెం చాలు. కారుతున్న చోటల్లా సీలెంటు పూయడం రోగాన్ని కప్పడమే.

ఒక రోజు ఆగి నీటి పరీక్ష చేయాలి. పైపు నీళ్లు వేగంగా కొట్టకుండా, వాన జారినట్టు మెల్లగా వదలాలి. కింది మూలల నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా జారి, లోపం ఎక్కడుందో తేలదు. లోపలి మనిషి అంచు చుట్టూ పొడి కాగితం ఆనిస్తూ పోతే తడి మొదట ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. నీరు కనిపించిన చోటే నీరు లోపలికి వచ్చిన చోటు కానవసరం లేదు. డ్యాష్‌బోర్డు కింద చుక్క రాలితే మూలం పై మూలలో ఉండవచ్చు. మొదటి రోజు తలుపులు వేసేటప్పుడు పక్క అద్దాలు కాస్త దించి ఉంచాలి. మూసిన కారులో తలుపును దబ్బున వేస్తే లోపలి గాలి ముందు అద్దాన్ని బయటికి తోస్తుంది.

వెనక అద్దానికీ ఇదే క్రమం. పక్క తలుపుల అద్దాలు మాత్రం కదిలేవి. వాటికి లోపల మెత్తని నూగు ఉన్న పట్టాలు, బయట తుడిచే రబ్బరు పెదవులు ఉంటాయి. బొగ్గు నుసి ఆ నూగులో చేరితే అద్దం ఎక్కుతూ దిగుతూ గీతలు పడుతుంది. వాటిని బ్రష్‌తో తరచూ దులపాలి.

కొత్త రబ్బరుకు నెలకోసారి మంచినీళ్లు, మెత్తని గుడ్డ చాలు. మెరుపు కోసం టైరు పాలిష్‌నూ నూనెనూ రుద్దకూడదు. నుసి పట్టిన పొడి అద్దం మీద వైపరు తిప్పకూడదు. ముందు నీళ్లు చల్లాలి. బండిని చెట్టు నీడన పెట్టగలిగితే రబ్బరు వయసు పెరుగుతుంది. ఆకులు మాత్రం కింది మూలల్లో చేరి కుళ్లకుండా తీసేయాలి.

అద్దం తెరిపిలోకి ఎక్కించే పని ఒక్క పూటది. అంచు శుభ్రం చేసి, తుప్పు తీసి, పెయింటు ఆరనిచ్చే పనికి వారం పడుతుంది. నీళ్లు కారని కారుకూ కారే కారుకూ తేడా ఆ వారంలోనే ఉంది. ఇంటి ముందు పాత అంబాసిడరో పద్మినో జీపో ఉన్నవారు ఈ ఏడు మృగశిర రాకముందే ఒకసారి కాళ్ల కింది మ్యాటు ఎత్తి చూడాలి, మూలల్లో రబ్బరును గోరుతో నొక్కి చూడాలి. తడి ఉన్నా, గోరు దిగకపోయినా మొదటి వాన దాకా ఆగవద్దు.